లెక్కలో వెయ్యని గంట

మా విశాఖలో సాహితీ ఉత్సవాలు ఏటా చలికాలంలో మూడు రోజులు జరిగేవి. ఆ మూడు రోజులూ గంట నా చేతిలో ఉండేది. నాకు కవిత్వం రాయడం రాదు. ఒక్క పద్యం కూడా రాసిన పాపాన పోలేదు. కానీ కవిసమ్మేళనంలో ఒక్కొక్క కవికి నాలుగు నిమిషాలు. నాలుగు దాటగానే గంట కొట్టి కిందికి దించే మనిషి ఒకడు కావాలి. కవులెవరూ ఆ పనికి ఒప్పుకోరు, రేపు తామూ ఆ మైకు ముందుకే రావాలి కదా. అందుకని నన్ను పట్టుకున్నారు. పోర్టులో నేను టాలీ క్లర్కుని. ఓడలోంచి దిగే ప్రతి బస్తానీ లెక్కపెట్టి షీటు మీద గీత గీయడం నా ఉద్యోగం. లెక్క దగ్గర మొహమాటం లేనివాడని నాకు పేరు.

ఆ పేరు నిజమే. స్టీల్‌ప్లాంటు ఆఫీసరైనా, కాలేజీ ప్రిన్సిపాలైనా నాకేం? వాచీ తీసి బల్ల మీద పెట్టుకుని, నాలుగు కాగానే టంగుమని కొట్టేవాణ్ణి. "ఇంకొక్క చరణం బాబూ" అని బతిమాలేవారు. మళ్ళీ కొట్టేవాణ్ణి. ఒకాయన మైకులోనే "నాకు యమగంటలు వినిపిస్తున్నాయి, సెలవు" అని దిగిపోయాడు. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కవులు నన్ను తిట్టుకునేవారు. నాకు మాత్రం లోలోపల మహా సంతోషంగా ఉండేది, అబద్ధమెందుకు?

తొంభైల మధ్యలో ఒక ఏడు ఉత్సవాల రెండో రోజు సాయంత్రం అష్టావధానం పెట్టారు. చేసేది ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. అచ్యుతాపురం అవతల ఒక హైస్కూల్లో తెలుగు పండితురాలు. నగరంలో అవధానం చెయ్యడం ఆమెకదే మొదటిసారి. కమిటీలో సగంమందికి అది ఇష్టం లేదు. "ఆడపిల్ల, అవధానమా! ధారణ నిలబెట్టగలదా?" అని ఒకరు, "పాపం, సరదా పడుతోంది, పడనివ్వండి" అని ఒకరు. రెండో మాటే నాకు ఎక్కువ ఒళ్ళు మండించింది.

ఆమెను పిలిచింది మా అధ్యక్షుడు, రిటైరైన తెలుగు లెక్చరరు. మెత్తని మనిషి, కానీ మాట మీద నిలబడే మనిషి. అవధానానికి నాలుగు రోజుల ముందు నన్ను పక్కకి పిలిచాడు.

"ఏమయ్యా టాలీ, ఎప్పుడూ ఘంటాగణనం చేసే ఆయనకి పచ్చకామెర్లు. ఈసారి నువ్వే కొట్టాలి."

"నేనా మాస్టారూ? నేను పృచ్ఛకుల వరసలో కూర్చోవడమా?"

"గంటలు లెక్కపెట్టడానికి నీకంటే ఎవడున్నాడు? ఒక్క మాట చెప్తాను, నీలోనే ఉంచుకో. ఆ అమ్మాయి ఎనిమిదీ తప్పులేకుండా చేసిందా, వచ్చే ఏడు మైదానంలో పెద్ద సభ ఆమెదే. కమిటీని అంతవరకు ఒప్పించాను. ఎక్కడైనా తప్పిందా, ఇంకో ఆడమనిషి పేరు ఎత్తడానికి ఈ కమిటీలో నాకు నోరుండదు."

పృచ్ఛకుడు! అవధాని ఎదురుగా కూర్చుని పరీక్ష పెట్టే ఎనిమిది మందిలో నేనొకణ్ణి! మిగతా ఏడుగురూ పండితులు, లాయర్లు. ఆ రోజు గాజువాక బస్సులో నిలబడే ప్రయాణం, అయినా కాళ్ళు నొప్పెట్టలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెబితే, "గంట కొట్టడానికేటండీ అంత సంబరం, ఏటేటా కొట్టేదే గదా" అంది. అవధానంలో గంట వేరు, కవిసమ్మేళనంలో గంట వేరు అని ఆమెకి అరగంట విడమరిచి చెప్పాను. ఆ మాట నాకే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

ఘంటాగణనం అంటే ఇంతే. అవధాని ఒకరికి సమస్య పూరిస్తూ, మరొకరికి వర్ణన చెబుతూ, పక్కనుంచి వచ్చే తుంటరి ప్రశ్నలకి జవాబిస్తూ ఉంటే, మధ్యలో నేను ఇష్టం వచ్చినప్పుడు గంట కొట్టాలి. ఒకసారి ఒకటి, ఒకసారి వరసగా మూడు. ఆమె అవన్నీ మనసులోనే లెక్క వేసుకుని చివర్లో మొత్తం ఎన్నో చెప్పాలి. ఇంకొకాయన వెనకనుంచి వీపు మీదికి పువ్వులు విసురుతాడు, అవీ చెప్పాలి. మా ఉత్సవాల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒక్కో ఆవృత్తిలో ప్రతి పద్యానికీ ఒక్కో పాదం చొప్పున, నాలుగో ఆవృత్తి అయిపోగానే, అవధాని పద్యాలన్నీ అప్పజెప్పే ధారణ మొదలుకాకముందే, గంట కొట్టినవాడు తన అంకె కాగితం మీద రాసి, మడిచి, అధ్యక్షుడి చేతికివ్వాలి. తర్వాత ఎవరూ అంకెని అటూ ఇటూ జరపకుండా.

ఆ సాయంత్రం వన్‌టౌన్‌లోని పాత లైబ్రరీ హాలు నిండిపోయింది. కిటికీల్లో కూడా మనుషులు. ఆమె ముదురాకుపచ్చ చీరలో వచ్చి, సభకి దణ్ణం పెట్టి కూర్చుంది. నేను షీటు తీసి, పెన్సిలు చెక్కుకుని, గంట కుడిచేతికి అందేలా పెట్టుకున్నాను. వాచీ తీసి బల్ల మీద పెట్టాను. అవధానంలో వాచీతో నాకు పనేమిటి? ఏ పనీ లేదు. అలవాటు, అంతే.

మొదటి ఆవృత్తిలో అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. దత్తపది అడిగినాయన క్రేను, టగ్గు, బార్జి, లంగరు అని పోర్టు మాటలు నాలుగిచ్చి, వాటితో సీతాకల్యాణం చెప్పమన్నాడు. కొంటెతనం కాకపోతే సీతమ్మ పెళ్ళికి క్రేనెందుకు? ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని మొదటి పాదం అందుకుంది. హాలు అదిరిపోయింది. నేను ఆ చప్పట్లలోనే రెండు గంటలు కొట్టాను, కావాలనే. ఆమె కనురెప్ప కదిలింది. లెక్కలో వేసుకుందని తెలిసిపోయింది. భలే పిల్ల అనుకున్నాను. షీటు మీద గీతలు వేసుకున్నాను, నాలుగు నిలువు, అయిదోది అడ్డం, పోర్టులో వేసినట్టే.

రెండో ఆవృత్తి గడిచింది. తప్పు లేదు. "సరదా పడుతోంది" అన్నాయన ముందు వరసలో ముందుకి వంగి వింటున్నాడు. నాకు ఆమె మా ఇంటి పిల్లే అన్నంత గర్వంగా ఉంది.

మూడో ఆవృత్తిలో కొంప మునిగింది.

వర్ణన అడిగే పృచ్ఛకుడు ఒక వకీలు. సాయంకాలం ఓడ రేవులోకి వచ్చే దృశ్యాన్ని వర్ణించమన్నది ఆయనే. మూడో పాదం అడగాల్సింది పోయి, ఆయన లేచి నిలబడి, తన చిన్నప్పుడు ఓడలెలా వచ్చేవో, ఇప్పుడెలా వస్తున్నాయో, తనకి సముద్రం అంటే ఎంత ఇష్టమో మొదలుపెట్టాడు. ఆపడే! ఆమె నాలుగు పద్యాల రెండేసి, మూడేసి పాదాలు తలలో మోస్తూ ఆయన మొహం చూస్తూ కూర్చుంది. నా ఒళ్ళు మండిపోతోంది. కళ్ళు వాచీ మీద పడ్డాయి. నాలుగు నిమిషాలు దాటింది.

టంగుమని కొట్టాను.

వకీలు ఉలిక్కిపడ్డాడు. హాలంతా గొల్లుమంది. ఏటేటా నా గంటకి అలవాటు పడిన జనం కదా, అది ఎవరికి కొట్టిన గంటో అందరికీ అర్థమైపోయింది. ఆయన నావైపు ఎర్రగా చూసి, "సరే, మూడో పాదం" అని కూర్చున్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పెన్సిలు తీశాను. దాని మొన షీటు మీదే ఆగిపోయింది.

ఆ గంట నేను వెయ్యాలా, వద్దా?

అది లెక్క గంట కాదు. కానీ మోగింది. ఆమె చెవిలో పడింది. ఆమె దాన్ని వేసుకుందా? నవ్వులు విని, వకీలుని ఆపడానికి కొట్టిందని గ్రహించి వదిలేసిందా? ఆమె మొహం చూశాను. కళ్ళు మూసుకుని ఉంది. ఏం తెలుస్తుంది?

అప్పుడే లేచి చెప్పేస్తే ఏమీ ఉండేది కాదు. "మాస్టారూ, పొరపాటున ఒకటి కొట్టాను, దాన్ని వెయ్యొద్దు" అని ఒక్క ముక్క. లేవడానికి సగం లేచాను కూడా. ముందు వరస మొత్తం నావైపు చూసింది. గంట లెక్కకి టాలీ క్లర్కుని పిలిస్తే, అతగాడే లెక్క చెడగొట్టాడని రేపు ఊరంతా చెప్పుకుంటారు అనిపించింది. పోర్టులో అన్నేళ్ళలో నా షీటు మీద ఒక్క వివాదం లేదు. ఓడవాళ్ళ లెక్క, మా లెక్క తేడా వస్తే, షీటు ఎవరిదని అడిగి, నాదని తెలిశాక నోరు మూసుకునేవారు. ఆ పేరు పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను.

తర్వాత ముప్పావుగంట నేను ఒక్క పద్యం వినలేదు. చెయ్యి గంట కొడుతోంది, గీతలు గీస్తోంది. మనసు మాత్రం ఆ ఒక్క గంట దగ్గరే ఆగిపోయింది. నాలుగో ఆవృత్తి అయింది. అధ్యక్షుడు నావైపు చెయ్యి చాపాడు.

షీటు మీద ముప్ఫై ఎనిమిది. మోగినవి ముప్ఫై తొమ్మిది. కాగితం మీద ఏది రాయాలి?

ముప్ఫై తొమ్మిది రాశాను. ఆ అంకె మీద అడ్డంగా గీత గీసేశాను. ఆ కాగితం నలిపి జేబులో పెట్టుకుని, ఇంకోటి తీసి ముప్ఫై ఎనిమిది రాశాను. ఎందుకని ఇప్పుడడిగితే సిగ్గు విడిచి చెబుతాను. ఆమె ఏం వేసుకుని ఉంటుందని ఆలోచించి రాసింది కాదు. ముప్ఫై తొమ్మిది రాస్తే నా షీటు తప్పని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకు రాశాను. మడిచి అధ్యక్షుడికిచ్చాను.

ఆమె ధారణ మొదలుపెట్టింది. ఒక్క అక్షరం తడబడలేదు. సమస్య, దత్తపది, వర్ణన, వద్దన్న అక్షరం రాకుండా అల్లే నిషిద్ధాక్షరి, నాలుగు పద్యాలూ గంగా ప్రవాహం. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పువ్వులెన్నని అడిగితే "ఇరవై ఆరు" అంది. సరిపోయింది. ఇక మిగిలింది నా గంట. నేను దేవుడికి మొక్కుకున్నాను. ఆ వకీలు గంటని వదిలెయ్యి తల్లీ, వదిలెయ్యి!

"గంటలు ముప్ఫై తొమ్మిది" అంది ఆమె, నవ్వుతూ.

అధ్యక్షుడు కాగితం విప్పాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఆయన గొంతు ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"ఇక్కడ ముప్ఫై ఎనిమిది ఉందమ్మా."

హాలు "అయ్యో" అంది. వెనకనుంచి ఎవరో "ఒకటే గదా తప్పినాది, ఒగ్గెయ్యండి బాబూ!" అని అరిచారు. ముందు వరసలో ఒకాయన పక్కాయనతో ఏదో గొణిగి తలాడించాడు. ఆమె నవ్వు మొహం మీదే ఆగిపోయింది. నావైపు తిరిగింది.

"అయ్యా, ఒక్కసారి చూసి చెబుతారా?"

నమ్మకంతో అడిగింది. నేను షీటు ఎత్తి, గీతలన్నీ మళ్ళీ లెక్కపెడుతున్నట్టు పెన్సిలు ఆడించాను. నాటకం! నా జన్మలో అంత నీచమైన నాటకం ఆడలేదు.

"ముప్ఫై ఎనిమిదేనమ్మా."

"అయితే పొరపాటు నాదే" అని రెండు చేతులూ జోడించింది.

సభ ముగిశాక కుర్చీలు సర్దుతుంటే, ఆమె మంచినీళ్ళ డ్రమ్ము దగ్గరికి వచ్చింది. నేను పక్కకి తప్పుకోబోయాను. తనే పలకరించింది.

"వకీలుగారికి కొట్టిన గంట కూడా వేసేసుకున్నానండి. ఇక్కడ అలాంటివి వెయ్యకూడదని తెలీలేదు. మా వైపు చిన్న చిన్న సభల్లో ఏ గంటైనా లెక్కే. నగరంలో నాకిదే మొదలు కదా."

అలాంటి నియమం ఏ ఊళ్ళోనూ లేదు. ఆమె తప్పే లేదు. నేను చెప్పాల్సిందల్లా ఒక్క మాట.

"అవునమ్మా, అలాంటివి వదిలెయ్యాలి" అన్నాను.

ఆమె శ్రద్ధగా తల ఊపింది, పాఠం నేర్చుకున్నట్టు. గ్లాసు బోర్లించి, అచ్యుతాపురం బస్సు వెళ్ళిపోతుందని గబగబా మెట్లు దిగింది. మొదటి తప్పు పొరపాటు అనుకోండి. ఈ రెండోదాన్ని ఏమనాలి?

మర్నాడు పొద్దున్న మా ఆవిడ ఇడ్లీ పెడుతుంటే ఊరికే కసురుకున్నాను. ఆమె పళ్ళెం కింద పెట్టి, "ఏటయినాది? నిన్న రేతిరి నుంచి సూత్తన్నాను, మొకం మొకంలా లేదు" అంది. చెప్పేశాను. అంతా విని, పళ్ళెం మళ్ళీ నా ముందుకి జరిపింది.

"మీరు కొట్టిన గంటకి ఆ పిల్ల సచ్చిందన్నమాట."

"నోర్ముయ్" అన్నాను.

"నాను మూత్తాను గానీ, మీరే తెరవాలి నోరు" అని లోపలికి వెళ్ళిపోయింది.

తెరవడానికి నాకు పది నెలలు పట్టింది. ప్రతి సమావేశానికీ చెబుదామనే వెళ్ళాను, ఏదో వంక పెట్టుకుని చెప్పకుండానే వచ్చాను. చివరికి మరుసటి ఏడు ఉత్సవాలకి కమిటీ కూర్చున్న రోజు, ప్రధాన అవధానం మాట వచ్చింది. "ఆ లెక్క తప్పిన అమ్మాయి వద్దు. గోదావరి జిల్లా నుంచి పెద్దాయన్ని పిలుద్దాం" అన్నారు. అధ్యక్షుడు తల వంచుకుని కాగితాలు సర్దుతున్నాడు. ముందే అన్నాడుగా, తనకిక నోరుండదని.

"తప్పు ఆమెది కాదు. నాది" అన్నాను. మొత్తం చెప్పాను. వాచీ సంగతి, వకీలు సంగతి, జేబులో నలిపిన కాగితం సంగతి కూడా.

ఒకాయన పకపకా నవ్వాడు.

"నువ్వు లెక్క తప్పుతావేటి బావా! మాకు తెల్దా? ఆ పిల్ల మీద జాలి, అంతే."

"జాలి కాదండీ, నిజం. వకీలుగారున్నారు, అడగండి."

వకీలు కళ్ళజోడు సర్దుకున్నాడు. "నాకు గంట కొట్టావా? ఎప్పుడు? నేనంతసేపు ఏం మాట్లాడానని కొడతావయ్యా? నాకైతే అలాంటిదేం గుర్తులేదు."

నిండు సభలో గంట కొట్టించుకున్నానని ఏ వకీలు ఒప్పుకుంటాడు? ఆ రోజు గొల్లుమని నవ్విన వాళ్ళు ఆ గదిలోనే అయిదుగురున్నారు. ఒక్కరికీ గుర్తులేదట. గోదావరి పెద్దాయన పేరు ఖాయమైపోయింది. అధ్యక్షుడు బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, "నీది మంచి మనసయ్యా" అన్నాడు. ఆయన కూడా నమ్మలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంకా ఘోరం తర్వాత జరిగింది. ఆ ఏడు ఉత్సవాల ఆఖరి రోజున ఇన్నేళ్ళ సేవకి నాకు శాలువా కప్పాలని కమిటీ తీర్మానించింది. వద్దన్నాను. వినలేదు. "ఏనాడూ లెక్క తప్పని మనిషి" అని అధ్యక్షుడు మైకులో నన్ను పొగుడుతుంటే, వేదిక మీదనుంచి ఆడవాళ్ళ వైపు కుర్చీలు చూశాను. మూడో వరసలో ఆమె ఉంది. తనని పిలవని సభకి అచ్యుతాపురం నుంచి బస్సెక్కి, పద్యం వినడానికి వచ్చింది.

శాలువా కప్పారు. నేను మైకు అందుకున్నాను. ఉపన్యాసం నాకు రాదు, నాలుగు ముక్కల్లో చెప్పాను.

"పోయినేడు అవధానంలో లెక్క తప్పింది ఆ అమ్మాయి కాదు. నేను. మోగినవి ముప్ఫై తొమ్మిది, ఆమె సరిగ్గానే చెప్పింది. నేను నా పేరు కాపాడుకోడానికి ముప్ఫై ఎనిమిదని రాసిచ్చాను. తర్వాత ఆమెతో అబద్ధం కూడా ఆడాను. ఈ శాలువాకి నేను తగను."

హాలు నిశ్శబ్దమైపోయింది. హమ్మయ్య, విన్నారు అనుకున్నాను. అంతలో అధ్యక్షుడు చెమ్మగిల్లిన కళ్ళతో మైకు తీసుకుని, "చూశారా! ఒక ఆడపిల్ల మనసు నొచ్చకూడదని తప్పు తన మీద వేసుకుంటున్నాడు. సంస్కారమంటే ఇదీ!" అన్నాడు. అంతే, చప్పట్లు. పైకప్పు ఎగిరిపోతుందా అన్నట్టు చప్పట్లు. వకీలు లేచి నిలబడి మరీ కొట్టాడు. నేను కాదు కాదని చెయ్యి ఊపుతుంటే ఇంకా ఎక్కువ కొట్టారు.

మూడో వరసలో ఆమె మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళార్పకుండా నావైపే చూస్తూ కూర్చుంది. నా మాట నమ్మింది ఆ హాలు మొత్తంలో ఆమె ఒక్కతే.